రెండోసారి

నీళ్ళు రాలేదు. క్రిముల్ని చంపే మందు జల్లు పడింది, తల నుంచి కాళ్ళ దాకా సూటంతా తడిసింది, చేతులు పైకెత్తి చుట్టూ తిరిగాను, చంకల కిందా మోకాళ్ళ వెనకా బ్రష్షుతో రుద్దుకున్నాను, ఇక మంచినీళ్ళ జల్లు రావాలి, పచ్చదీపం వెలగాలి, బయటి తలుపు చుట్టూ బిగిసిన రబ్బరు గొట్టంలోంచి గాలి దిగిపోయి తలుపు వదులవ్వాలి, నేను బయటపడి ఈ సూటు విప్పి స్నానం చేసి ఫోను దగ్గరికి పరిగెత్తాలి. అలా అనుకునే ల్యాబులోంచి అడుగు తీసి ఈ కడిగే గదిలో పెట్టాను. పైన గొట్టాల్లో ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది, ఎర్రదీపం వెలిగింది, అంతే. లోపలి తలుపూ బిగుసుకునే ఉంది, బయటి తలుపూ బిగుసుకునే ఉంది. ఈ రెండూ ఒకేసారి తెరుచుకోకుండా కట్టారు. ఒకరంటే ఒకరికి నమ్మకం లేని తోడికోడళ్ళలాగా, అది మూసుకుందని తేలితేనే ఇది కదులుతుంది. లోపల మేం పెంచే వైరస్ పొరపాటున కూడా బయటి గాలి మొహం చూడకూడదని ఈ ఏర్పాటు. మంచిదే. ఇన్నేళ్ళూ మంచిదే అనుకున్నాను. చేతులు చాపితే రెండు గోడలూ తగిలే గది, నాలుగు వైపులా స్టీలు, ఆ స్టీల్లో నాలుగు వైపులా నేనే, నీలం సూట్లో ఉబ్బిపోయి, మొహం ఉండాల్సిన చోట దీపం వెలుగు పడి మొహం లేకుండా.

"మేడమ్, కంగారు పడకండి, తలుపు బాగానే ఉంది, దాని సెన్సరే అబద్ధం చెబుతోంది," అన్నాడు తలుపుల ఇంజనీరు, హెల్మెట్ లోపల చెవి దగ్గరున్న రేడియోలో. అతనికి తలుపులంటే మనుషులే, అలుగుతాయంటాడు, మొరాయిస్తాయంటాడు. నీళ్ళ పంపు కూడా ఆ సెన్సరు మాటే వింటుందట, అందుకే అదీ ఆగిందట. ఎంతసేపు పడుతుందని అడిగాను. చూస్తున్నాం అన్నాడు. చూస్తున్నాం అంటే తెలియదని అర్థం, మేమూ అంతే కదా, తెలియనిచోటల్లా ఇంకా పరిశోధన జరగాలి అని రాస్తాం. గాలికి లోటు లేదు. పైకప్పు నుంచి చుట్టలు చుట్టలుగా వేలాడే గొట్టం నడుం దగ్గర తగిలించి ఉంది, హోరుమంటూ చల్లగాలి లోపలికి తోసుకొస్తోంది. గోడమీద ఎర్ర పిడి ఒకటుంది, దాన్ని లాగితే ఏ సెన్సరు మాటా వినకుండా బయటి తలుపు ఊడొస్తుంది, కానీ అది ప్రాణం మీదికి వచ్చినప్పటికి. కడగడం పూర్తికాకుండా నేను బయట అడుగుపెడితే, ఆ నడవాలో ఎవరెవరున్నారో వాళ్ళందర్నీ నాతోపాటు వారాల తరబడి ఒంటరి గదుల్లో పెడతారు. వాళ్ళలో మా ఎలుకల్ని చూసుకునే పశువుల డాక్టరు ఉంటాడు, అతని ఇంట్లో చంటిబిడ్డ ఉంది. నా ప్రాణానికేం కాలేదు. ముక్కు దురద పెడుతోంది, అంతే. సూట్లో ఉన్నప్పుడు ముక్కు దురద పెడితే చేసేదేమీ లేదు, మర్చిపోవాలి. మర్చిపోవాలనుకున్నకొద్దీ ఒంట్లో ముక్కొక్కటే మిగులుతుంది. అలాగే పంజరాలు. పంజరాల సంగతి ఇప్పుడు అనుకోకూడదు.

అనుకోకుండా ఎలా ఉంటాను. సూట్లో వాసన తెలియదు, గాలి హోరు తప్ప చప్పుడు తెలియదు, లోకమంతా కళ్ళలోంచే రావాలి. ఎలుకలు బాగుంటే చేతి తొడుగు కనపడగానే గాజు దగ్గరికి పరిగెత్తుకొస్తాయి, గింజలు పెడతామని ఆశ. ఈ ఏడు ఊళ్ళో తిరిగే వైరస్‌ని రెండు వరసలకీ ఎక్కించి ఉన్నాం. పొద్దున కింది వరస అలాగే పరిగెత్తుకొచ్చింది. పై వరస రాలేదు. మూలల్లో ఉండచుట్టుకుని, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కళ్ళు అంటుకుపోయి, ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి, కొన్నింటికి ఊపిరి కూడా లేదు. పశువుల డాక్టరు వంగి చూసి నిట్టూర్చాడు, ఆ నిట్టూర్పు రేడియోలో గరగరమంది. "పాపం, మందు పడని వరస ఇదే అన్నమాట. పడినవి చూడండి మేడమ్, ఎంత హుషారుగా ఉన్నాయో. మనం గెలిచినట్టే." హెల్మెట్ అద్దం వెనక అతని పళ్ళు మెరిశాయి. ఏ వరసకి మా టీకా పడిందో, ఏ వరసకి ఉత్త ఉప్పునీళ్ళు పడ్డాయో అతనికి తెలియదు, తెలియకూడదు, తెలిస్తే చూసే కన్ను పక్షపాతం చూపిస్తుందని నియమం. తెలిసింది నాకొక్కదానికే. టీకా పడింది పై వరసకి. మీరు ముందు వెళ్ళండి అన్నాను, ఈ కడిగే గదిలో ఒకసారికి ఒకరే పడతారు. అతను వెళ్ళాక ప్రతి పంజరం మళ్ళీ చూశాను, ప్రతి ఎలుక చెవిమీది గుర్తు చూశాను, తారుమారు అయి ఉండాలి, ఎక్కడో ఒకచోట నా చెయ్యి పొరపాటు చేసి ఉండాలి అని వెతికాను. ఈ పనిలో తల నెరిసింది, నా తప్పు నాకు దొరకాలని మొక్కుకున్నది ఇవాళే. దొరకలేదు.

కంచే చేను మేయడం అంటారే, అదే ఇది. ఈ ఏడు ఊళ్ళో తిరుగుతున్న వైరస్ పాతదానికి చెల్లెలు, పోలికలున్నాయి గాని అచ్చుగుద్దినట్టు కాదు. టీకా పాతదాన్ని చూపించి ఒంటికి పాఠం చెప్పింది, ఒళ్ళు బుద్ధిగా నేర్చుకుని యాంటీబాడీలు తయారుచేసుకుంది, అవి కొత్తదాన్ని కూడా పట్టుకుంటాయి, కాకపోతే గట్టిగా కాదు, జారుముడిలాగా. గట్టిగా పట్టుకుంటే వైరస్ పని అయిపోయేది. వదులుగా పట్టుకుంటేనే చిక్కు. రక్తంలో చెత్తాచెదారం మింగే పెద్ద కణాలుంటాయి, అవి యాంటీబాడీ తోకను చూసి, ఇదేదో మనవాళ్ళు పట్టి తెచ్చిన దొంగే కదా అని మొత్తంగా మింగేస్తాయి. దొంగకి కావలసిందీ అదే, గడప దాటడం. లోపల కూర్చుని పిల్లల్ని పెట్టడం మొదలుపెడుతుంది. కాపలావాడే చెయ్యిపట్టుకుని ఇంట్లోకి నడిపించుకొచ్చినట్టు. అసలు కాపలాలేని ఒంటికి జ్వరం వారంలో వచ్చి పోతుంది, కాపలా ఉన్న ఒంటికే ముప్పు. పేపర్లలో ఇలాంటివి చదివాను, వేరే వైరస్‌లలో ఉందని తెలుసు, మా దాంట్లో లేదన్నారు. మా దాంట్లో లేదని మేమే అన్నాం.

అమ్మకి మొదటిసారి వచ్చినప్పుడు వారమే. చిక్కిపోయిన మొహంతో లేచి కూచుని నవ్వింది. వీధి వీధంతా అన్నారు, నీకు ఒకసారి వచ్చిపోయింది, ఇక నీకు ఢోకా లేదు, గండం గడిచిందని. అమ్మ నమ్మింది. నమ్మింది కాబట్టే కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ జ్వరాలు లేచినప్పుడు పక్కింటావిడ మంచం దగ్గర కూచుంది, ఆవిడ చెమట తుడిచింది, ఆవిడ దుప్పట్లు ఉతికింది, నాకు రాదులే నేను చూసుకుంటాను అని ఆవిడ పిల్లల్ని మా ఇంట్లో పడుకోబెట్టింది. పక్కింటావిడ బతికింది. అమ్మ మాత్రం చూస్తుండగానే నీరుకారిపోయింది, చిగుళ్ళలోంచి నెత్తురు, ఒంటిమీద నీలం మచ్చలు, గోడవైపు తిరిగి పడుకుని మమ్మల్ని దగ్గరికి రావద్దంది. ఒంట్లో శక్తి లేదమ్మా, అందుకే తట్టుకోలేకపోయింది అన్నాడు ఆసుపత్రి డాక్టరు. మా అమ్మకా శక్తి లేనిది, రెండు చేతుల్లో రెండు బకెట్లతో మేడ మీదికి ఎక్కేది, మధ్యలో ఆగి ఎవరితోనో పోట్లాడి మళ్ళీ ఎక్కేది. నేను ఆయన తెల్లకోటు పట్టుకుని అడిగాను, ఒకసారి వచ్చింది కదా, మళ్ళీ ఎందుకొచ్చింది, వచ్చినా తక్కువ రావాలి కదా అని. ఆయన అక్కవైపు చూసి, చిన్నపిల్ల, బయటికి తీసుకెళ్ళమ్మా అన్నాడు. అక్క తీసుకెళ్ళింది. నడవాలో నా మొహం కడిగింది. కుళాయి నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి.

ఆ ప్రశ్న పట్టుకునే పెద్దాయన దగ్గరికి వచ్చాను. మా సంస్థలో ఆయన అందరికీ పెద్దాయనే, జుట్టు నల్లగా ఉన్న రోజుల్లోనూ పెద్దాయనేనట. సీసాల్లో పెంచే కణాలకి తిండి మార్చేటప్పుడు పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు పోయాలని, తొందరగా ఉన్న రోజున సీసా ముట్టుకోవద్దని, అనుకున్న ఫలితం వచ్చిన రోజున రెండింతలు అనుమానించమని నేర్పింది ఆయనే. నాన్న లేని ఇంట్లోంచి వచ్చినదాన్ని, ఆయన అమ్మాయ్ అని పిలిస్తే కడుపు నిండేది. ఒకరోజు ధైర్యం చేసి అమ్మ సంగతి చెప్పాను, రెండోసారి వస్తే ముదురుతుందేమో సర్, టీకా కూడా అలా చేస్తుందేమో చూద్దాం అని. ఆయన పూర్తిగా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయ్, బాధ వేరు, సాక్ష్యం వేరు. ఒక్క మనిషి లెక్కలోకి రాడు," అన్నారు. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. ఆయన అన్నది నిజం, అదే వచ్చిన చిక్కు. ఒక్క మనిషి లెక్కలోకి రాడు, నేను కూడా ఇప్పుడు నా దగ్గర చేరిన వాళ్ళకి అదే చెబుతాను. అలా అమ్మని పక్కన పెట్టి ఆయన టీకా ఎత్తుకున్నాను. కిటికీల్లేని గదులు, చలిగదులు, వేళాపాళా లేకుండా మోగే ఫ్రీజరు గంటలు, వానాకాలమో ఎండాకాలమో ఇంటికి వెళ్ళేటప్పుడు గాని తెలియని బతుకు. ఒకాయన పెళ్ళి చేసుకుందామనుకున్నాడు, మంచివాడే, నేనిచ్చిన కాఫీ కప్పు చేత్తో పట్టుకుని నా పని గురించి అడిగి అడిగి, చల్లారిపోయాక టేబుల్‌మీద పెట్టి, తాగకుండానే లేచి వెళ్ళాడు. అక్కకి చెబితే పడీ పడీ నవ్వింది. జనం కోళ్ళు పెంచుకుంటారు, కుక్కల్ని పెంచుకుంటారు, నువ్వు జ్వరాలు పెంచుకుంటున్నావు, నీ ఇంట్లో కాఫీ తాగడానికి గుండె ధైర్యం ఉండాలే అంది. అని నా కప్పు లాక్కుని తాగింది.

అక్క. ఇప్పుడు అక్క ఎక్కడుందో. అక్క ఈత నేర్పుతుంది, ఊరి ఈతకొలనులో, పిల్లలకి. ఇంట్లో ఒక గంట కూర్చోమంటే కూర్చోలేదు, కాళ్ళలో చక్రాలున్నాయి అనేది అమ్మ. ఎండకి ఒళ్ళు నల్లబడి, జుట్టు ఎప్పుడూ తడిగా, మెడలో ఈల వేలాడుతూ. పిల్లల్ని చూస్తే పిల్లలైపోతుంది. నన్ను చదివించింది ఆ ఈలతోనే. టీకా మనుషులమీద పరీక్షించడం మొదలైనప్పుడు, అక్క నాకు చెప్పకుండా వెళ్ళి, బావగారి ఇంటిపేరుతో రాయించుకుని, లోపల పనిచేసే చుట్టాలెవరూ లేరని చెప్పి, మొదటి సూది వేయించుకుని వచ్చింది. అన్నాలు తింటుండగా జబ్బ చూపించింది, ఉబ్బి ఎర్రగా ఉంది, రాత్రంతా ఒళ్ళు కాలింది, నాకు పడింది నీళ్ళు కాదే, అసలు మందే, అదృష్టవంతురాల్ని అంది. నేను తిట్టాను. "ఊరందరికీ పొడవచ్చు గాని మీ అక్కకి పొడవకూడదా? నీ మందు నేను నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?" అంది. మర్నాడే పెద్దాయనకి చెప్పేశాను, పేరు కొట్టేయించండి అని. ఆయన నవ్వారు. ఉండనీ, మనింటి మనిషే వేయించుకుంటే అంతకన్నా ధైర్యమేముంది అన్నారు. ఉండనిచ్చారు. ఇవాళ రెండో సూది. అందరికీ ఇవాళే. సూదులు వేసే క్లినిక్ ఇక్కడికి దగ్గరే, ఈ తలుపు తెరుచుకుంటే పరిగెత్తగలిగేంత దగ్గర. మొదటి సూదితో ఒళ్ళు పాఠం వింటుంది, రెండో సూదితో కంఠస్థం చేస్తుంది. ఆ తర్వాత మరిచిపొమ్మన్నా ఒక పట్టాన మరిచిపోదు.

ఇంజనీరుని మళ్ళీ పిలిచాను. ఫ్యూజు మార్చి చూస్తున్నామన్నాడు. లోపల ఉన్నప్పుడే రేడియోలో చెప్పేసి ఉండాల్సింది, అప్పుడు అనుకున్నదేమిటి, పెద్దాయనకి ఒక్కరికే చెప్పాలి, ఎదురుగా కూర్చుని చెప్పాలి, ముందు ఆయన గుండె చిక్కబట్టుకోవాలి అని. ఈ రేడియో కంట్రోల్ రూములో స్పీకరుకి కలిపి ఉంటుంది, నేను దగ్గినా అందరికీ వినిపిస్తుంది. ఆ గదిలో ఇవాళ పైనుంచి వచ్చిన అధికారులున్నారు, రెండో సూది రోజని చూడ్డానికి వచ్చారు. వాళ్ళముందు అనాలా? అంటే వెనక్కి తీసుకోవడం ఉండదు. అవి ఎలుకలు, మనుషులు కారు. ఒక్క ప్రయోగం, రెండోది చేయలేదు. నేను తప్పయితే, ఇన్నేళ్ళ పని, ఈ ఏడు జ్వరంలో ఆ టీకాతో బతకగలిగిన వాళ్ళు, అందరూ నా నోటి దురదకి బలవుతారు. నేను ఒప్పయితే, నేనిక్కడ నిలబడి ఆలోచిస్తున్న ప్రతి ఊపిరికీ అవతల ఒక చొక్కా చెయ్యి పైకి మడతపడుతోంది, దూదితో తుడుస్తున్నారు, కొంచెం చురుక్కుమంటుందండీ అంటున్నారు. ఎవరో మైకు కట్టేయడం మర్చిపోయినట్టున్నారు, కంట్రోల్ రూములో మాటలు చెవిలో పడుతున్నాయి. పశువుల డాక్టరు గొంతు. మందు పడని వరస మొత్తం పోయిందండీ, పడినవి గంతులేస్తున్నాయి, మేడమ్ రాగానే ఆవిడే చెబుతారు. ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్దాయన నవ్వు వినపడింది, ముసలి నవ్వు, దగ్గులోకి దిగిపోయే నవ్వు, ఆ నవ్వు కోసం నేను సెలవురోజుల్లో ఎన్నిసార్లు పనికి వచ్చానో. స్టీలు గోడలో నీలం సూటు నా వంక చూస్తోంది. నోరు తెరిస్తే హెల్మెట్ అద్దం మసకబారుతోంది, మూస్తే తేలిపోతోంది.

బయటి తలుపుకి పుస్తకమంత కిటికీ ఉంది, మందమైన గాజు. అందులో పెద్దాయన మొహం వచ్చింది. చేతిలో రేడియో, పక్కకి వంగి మాట్లాడుతున్నారు, అందుకని మాట చెవిలోంచీ మొహం ఎదురుగానూ, రెండూ వేరువేరు మనుషులవైనట్టు. "భయపడుతున్నావా అమ్మాయ్? తలుపు వచ్చేస్తుందిలే. డాక్టరు చెప్పాడు. నీ నోటితో విందామని నేనే వచ్చాను." కళ్ళలో తడి ఉంది. ఇంతకాలంలో ఆయన కళ్ళు తడవడం నేను చూడలేదు. ఇప్పుడు కాదు అనుకున్నాను, ఇప్పుడు కాదు, ఆ తడి ఆరనీ. ఈలోపు నోరే అనేసింది.

"డాక్టరుగారు వరసలు తారుమారుగా అనుకున్నారు సర్. పోయింది టీకా పడిన వరస."

కంట్రోల్ రూములో కుర్చీ జరిగిన చప్పుడు. ఆయన మొహంలో నవ్వు వెంటనే పోలేదు, మనుషులు వెళ్ళిపోయిన ఇంట్లో దీపంలాగా కాసేపు అలాగే ఉండిపోయింది. మళ్ళీ చూశావా అన్నారు. ప్రతి చెవీ చూశాను, ఉప్పునీళ్ళు పడినవి బాగున్నాయి, మందు పడినవే చస్తున్నాయి, ఊళ్ళో తిరుగుతున్న రకానికి మన యాంటీబాడీ దారి చూపిస్తోంది అని చెప్పాను. చెబుతూ ఉంటే గొంతు నాది కానట్టుంది, సెమినార్లో చెబుతున్నట్టు, ఒక్కొక్క మాటా దేనికది విడివిడిగా. సూదులు ఆపించండి సర్ అన్నాను.

"ముందు నువ్వు బయటికి రా. కూర్చుని మాట్లాడదాం. ఒక్క ప్రయోగం మీద..."

"నేను ఎప్పుడొస్తానో ఇంజనీరుకే తెలియదు సర్. ఒకటి కాదు, మా అమ్మతో రెండు."

ఆయన నన్నే చూశారు. చూస్తున్నది నన్ను కాదేమో, ఆ మందపు గాజులో ఆయనకీ ఆయనే కనిపిస్తున్నారేమో. కళ్ళజోడు తీశారు, తుడవలేదు, చేత్తో పట్టుకుని ఉండిపోయారు. తర్వాత కిటికీలో మొహం లేదు. గోడ ఉంది, గోడమీద మంటలార్పే సిలిండరు ఉంది. మైకు ఎవరో కట్టేశారు. చెవిలో గాలి హోరు తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత గడిచిందే అసలైన చెర. అంతకుముందు చెప్పాలా వద్దా అన్న గోల ఒకటి తోడుండేది, ఇప్పుడు అదీ లేదు. ఆయన ఫోను దగ్గరికి వెళ్ళారో, అధికారుల దగ్గరికి వెళ్ళారో, ఆవిడ లోపల ఉండి ఉండి బెదిరిపోయింది, మాటలు పట్టించుకోవద్దని చెబుతున్నారో. ఇంజనీరుని పిలిస్తే పలకలేదు. డాక్టరుని పిలిస్తే పలకలేదు. చెప్పాను కదా, నా పని నేను చేశాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, అది ఎంత చవకబారు ఓదార్పో అనుకుంటూనే. ఎర్ర పిడి మీద చెయ్యి ఎప్పుడు వేశానో తెలియదు. చూసేసరికి చెయ్యి దానిమీద ఉంది. తొడుగు లోపల వేళ్ళు బిగుసుకున్నాయి. లాగితే తలుపు, నడవా, మెట్లు, ఫోను. లాగితే ఆ నడవాలో ఎవరున్నారో వాళ్ళకి ఒంటరి గదులు, చంటిబిడ్డ తండ్రికి కూడా, నా సూటుమీద ఏమైనా మిగిలి ఉంటే ఇంకా చాలా. అమ్మ గోడవైపు తిరిగి, రావద్దు, దగ్గరికి రావద్దు అన్న గొంతు గుర్తొచ్చింది, అప్పుడది కోపమనుకున్నాను. అక్క కోసం ఊరిని పణం పెట్టనా, ఊరి కోసం అక్కని పెట్టనా. ఇలాంటి ప్రశ్నలు కథల్లో అడుగుతారు, కథల్లో ఎవరో ఒకరు పిడి లాగుతారు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. చెయ్యి వెనక్కి తెచ్చి, రెండో చేత్తో పట్టుకుని, దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను, మాట వినని పిల్లని పట్టుకున్నట్టు.

గరగరమంది చెవిలో. "మేడమ్," పశువుల డాక్టరు, గొంతు బాగా తగ్గిపోయింది. "ఆపేశారు. పెద్దాయనే ఫోను చేశారు. తప్పు నాది అని చెప్పారు వాళ్ళందరితో, ఆ అమ్మాయి ఎప్పుడో చెప్పింది, నేను వినలేదని." నేను వరస తప్పనుకున్నాను, క్షమించండి అన్నాడు. మీకు తెలియకూడదు కదా, అది నియమం అన్నాను. ఎంతమందికి పడ్డాయని అడిగాను. కొందరికి పడ్డాయన్నాడు. ఎవరెవరికని అడగడానికి నోరు రాలేదు. అప్పుడొచ్చాయి నీళ్ళు, చెప్పాపెట్టకుండా, నెత్తిమీద బాదుతూ, అద్దం మీద ధారలు కడుతూ. పచ్చదీపం. రబ్బరు గొట్టంలోంచి గాలి దిగుతున్న చప్పుడు, తలుపు వదిలింది. సూటు విప్పి, స్నానం చేసి, తడి జుట్టుతో బయటికొచ్చేసరికి నడవాలో పెద్దాయన బల్లమీద కూచుని ఉన్నారు, చేతులు మోకాళ్ళ మీద, బస్సు వెళ్ళిపోయాక స్టాపులో మిగిలిన మనిషిలాగా. లేవబోయారు, లేవద్దని చెయ్యి ఊపి ఫోను తీసుకున్నాను. ఆయన నా చేతిమీద చెయ్యి వేసి తీసేశారు.

అక్క ఎత్తింది. వెనక నీళ్ళ చప్పుడు, పిల్లల కేకలు. కొలను దగ్గరే ఉంది. అయిపోయిందే, నాదే మొదటిది, పొద్దున్నే వెళ్ళి తలుపులు తీయకముందే కూచున్నాను, మళ్ళీ పిల్లల క్లాసుంది కదా అంది. గొంతులో గర్వం. చెప్పాను. దాచకుండా చెప్పాను, పై వరస, కింది వరస, జారుముడి, ఊళ్ళో తిరుగుతున్న జ్వరం నీకు వస్తే అందరికీ వచ్చినట్టు రాదు, అమ్మకి వచ్చినట్టు వస్తుంది. కేకలు వినపడుతున్నాయి, ఎవరో నీళ్ళలోకి దూకారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను అడగడం, అక్క చెప్పడం. ఇవాళ అక్క అడిగింది.

"అయితే ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఇంటికి వెళ్ళిపో అక్కా. జనంలోకి రాకు. పిల్లల దగ్గర అసలు ఉండకు, జ్వరాలు వాళ్ళ దగ్గర్నుంచే వస్తాయి."

"ఎన్నాళ్ళు?"

ఎలుకల్లో అయితే చెప్పగలను. మనుషుల్లో ఎవరూ కొలవలేదు, కొలవాల్సింది మేమే. వేరే టీకాలైతే కొందరి ఒంట్లో పాఠం ఆర్నెల్లకి చెరిగిపోతుంది, కొందరిలో చచ్చేదాకా ఉంటుంది. తెలియదక్కా అన్నాను. అటువైపు ఈల మోగింది, పొడుగ్గా ఒకసారి. పిల్లలు గోల పెట్టారు, అప్పుడేనా, ఇంకా టైముంది కదా టీచర్ అని. ఎక్కండి, అందరూ గట్టెక్కండి అంది అక్క, ఫోను పక్కకి పెట్టి, ఎప్పుడూ అనే గొంతుతోనే. తడి పాదాల చప్పుడు ఒక్కొక్కటే దూరమవుతూ పోయింది. దగ్గరికి రాకమ్మా, అక్కడే తువ్వాలు చుట్టుకో అంది ఎవరితోనో. తర్వాత మళ్ళీ ఫోను దగ్గరికొచ్చి, సరే, ఎక్కించేశాను, బస్సు ఎక్కకూడదు కదా, నడిచే వెళ్తాను, మనుషులు తక్కువుండే దారి ఏదో చెప్పు అంది.

నేను కళ్ళు మూసుకుని కొలను నుంచి వాళ్ళింటి దాకా తెలిసిన దారులన్నీ తలుచుకున్నాను. బడి పక్క వీధి. మార్కెట్ వీధి. సినిమాహాలు వెనక సందు. ఆసుపత్రి ముందు నుంచి వెళ్ళేది. అక్క లైన్లోనే ఉంది, ఊపిరి వినపడుతోంది. మనుషులు లేని వీధి ఒక్కటీ గుర్తు రాలేదు.